వెన్నుతట్టు దళం

మన యువతకు పతకాలు రాకపోవడానికి కారణం కాళ్ళు లేకపోవడం కాదని, వెన్ను తట్టేవాళ్ళు లేకపోవడమని క్రీడల మంత్రిగారు మా ఊరి స్టేడియంలో ప్రకటించినప్పుడు నేను అక్కడే ఉన్నాను. ఆయన ఏ గీత మీద నిలబడి ప్రకటించారో ఆ గీత గీసింది నేనే. ట్రాకు మీద సున్నంతో గీతలు గీయడం నా ఉద్యోగం, ఇరవై రెండేళ్ళ సర్వీసు. ఆ ప్రకటన గురించీ, దాని వెంట జరిగిన మహత్కార్యాల గురించీ ఈ పత్రికలో నాలుగు ముక్కలు మాత్రమే వచ్చాయి. అంతటి మనిషికి నాలుగు ముక్కలేమిటని మనసు ఉండబట్టక నేనే రాస్తున్నాను.

"ఒక క్రీడాకారుడు పైకి రావాలంటే కుటుంబం, స్నేహితులు, ఇరుగుపొరుగు, సమాజం, ఈ నాలుగూ అండగా నిలవాలని అధ్యయనాలు చెబుతున్నాయి" అన్నారు మంత్రిగారు.

"ఏ అధ్యయనాలు సార్?" అని ఒక విలేకరి అడిగాడు.

"అన్నీ" అన్నారు మంత్రిగారు.

ఆ విధంగా వెన్నుతట్టు పథకం పుట్టింది. పథకం పుట్టాక దానికొక లబ్ధిదారు కావాలి. మా ఊళ్ళో అప్పటికి జాతీయ జూనియర్ పోటీలకు అర్హత సాధించిన మనిషి ఒక్కతే ఒక్కతి, టైలరుగారి అమ్మాయి. నాలుగు వందల మీటర్లు పరుగెత్తుతుంది. చిటికె వేసేలోపు మలుపు తిరిగిపోతుందని డ్రిల్లు మాస్టారు ఆమెకు చిటికె అని పేరు పెట్టారు. ఇంట్లో కూడా అదే పేరు స్థిరపడింది.

చిటికెకు మరుసటి నెల ఇరవై ఏళ్ళు నిండుతాయి. జూనియర్ పోటీలకు అదే ఆఖరి అవకాశం. మొదటి ముగ్గురిలో వస్తే జాతీయ శిక్షణ శిబిరంలో సీటు, హాస్టలు, కడుపునిండా తిండి, కాలికి సరిపడే బూట్లు. రాకపోతే నాన్న షాపులో రెండో కుట్టుమిషను. టైలరుగారు చెడ్డవాడు కాదు. కళ్ళు ఆనడం లేదు, సూదిలో దారం ఎక్కించుకోవడానికి వచ్చేపోయేవాళ్ళను బతిమాలుకుంటున్నాడు. "ఈ ఒక్కసారీ చూద్దాం తల్లీ, రాకపోతే నాకు తోడుగా కూర్చో" అన్నాడు. ఆ పిల్ల సరేనంది. తండ్రీకూతుళ్ళ మధ్య ఒప్పందం అంతే, దాని మీద ఎవరూ సంతకాలు పెట్టలేదు.

స్టేడియం డైరెక్టరుగారు మర్నాడే పని మొదలుపెట్టారు. చిటికెను పిలిచి, ఫైలు తెరిచి, కళ్ళజోడు తుడుచుకున్నారు.

"నిన్ను ప్రోత్సహించేవాళ్ళు ఎవరెవరమ్మా?"

"మా నాన్న సార్. మాస్టారు."

"ఇంకా?"

ఆ పిల్ల అటూ ఇటూ చూసింది. సున్నం బకెట్టుతో నేను కనబడ్డాను. "గీతల బాబాయి" అంది.

డైరెక్టరుగారు పెన్ను కింద పెట్టేశారు. "ముగ్గురేనా? జాతీయస్థాయి క్రీడాకారిణికి ముగ్గురేనా? రూల్సు ప్రకారం నలభై మంది ఉండాలి."

"ఏ రూల్సు సార్?" అన్నారు డ్రిల్లు మాస్టారు.

"రేపు రాస్తాను."

ఆయన మాట తప్పే మనిషి కాదు. మర్నాడు పదకొండింటికల్లా రాసేశారు. కుటుంబం కోటాలో పదిమంది, స్నేహితులు పదిమంది, ఇరుగుపొరుగు పదిమంది, సమాజం పదిమంది, వెరసి వెన్నుతట్టు దళం. దళనాయకుడిగా విజిలన్నను నియమించారు. మంత్రిగారి సభల్లో ఎక్కడ విజిల్ వేయాలో తెలిసిన ఏకైక మనిషి విజిలన్న. ఇరవై ఆరేళ్ళుగా పార్టీలో యువజన నాయకుడు. వయసు యాభై రెండు. ఆయన్ని ఊరంతా అన్నా అనే పిలుస్తుంది, కన్నకొడుకు కూడా.

మిగతా ముప్ఫై తొమ్మిది మందినీ ఆయనే ఎంపిక చేశాడు. ఎవరినీ నొప్పించకుండా, పార్టీలో ఎవరెవరు ఎంతకాలంగా అలిగి ఉన్నారో చూసి, ఆ వరసలో ఇచ్చాడు. చిటికె స్నేహితుల్లో ఇద్దరికి మనవలున్నారు. ఒకాయనకు రెండు మోకాళ్ళూ మార్చారు. ఇరుగుపొరుగు కోటావాళ్ళు ఊరికి ఆ చివర ఉంటారు, అయినా పెద్ద మనసుతో ఒప్పుకున్నారు.

టైలరుగారు పాపం కుటుంబం కోటాలో దరఖాస్తు పెట్టుకున్నాడు. డైరెక్టరుగారు ఆయన్ని కూర్చోబెట్టి మరీ చెప్పారు.

"మీరు ఆ అమ్మాయికి స్వయానా తండ్రి కదండీ?"

"అవును సార్."

"మరి మీకు ఆ అమ్మాయి గెలవాలన్న స్వార్థం ఉంటుందా, ఉండదా?"

"ఉంటుంది సార్."

"అదే ఇబ్బంది. ప్రోత్సాహం నిష్పక్షపాతంగా ఉండాలి."

అయినా ఉత్తచేతులతో పంపలేదు. దళానికి కావలసిన నలభై ట్రాక్‌సూట్లు కుట్టే పని ఆయనకే అప్పగించారు. డ్రిల్లు మాస్టారి దరఖాస్తు కూడా తిరిగొచ్చింది. పరుగు నేర్పడం సాంకేతికమైన విషయమట, ప్రోత్సాహం కిందికి రాదట. నన్ను మాత్రం ఇతరములు అనే కాలమ్‌లో చేర్చారు. ఎందుకంటే దళానికి గీతలు కావాలి.

అవును, గీతలు. నలభై మంది గుంపుగా నిలబడితే క్రమశిక్షణ ఉండదని, ఒక్కొక్కరికి ఒక్కో గడి గీయమన్నారు. ఎక్కడ గీయాలని అడిగాను.

"చదునుగా ఉన్నచోట" అన్నారు డైరెక్టరుగారు.

మా స్టేడియంలో చదునుగా ఉన్నది ట్రాకు ఒక్కటే. స్టాండు ముందు లోపలి అంచున ఒక మనిషి పరుగెత్తేంత దారి వదిలి, ఎనిమిది లైన్లనూ చెరిపి, వాటి మీద నలభై గడులు గీశాను. ఆ లైన్లను అంగుళం తేడా రాకుండా ఏటా నేనే కొలిచి గీసుకుంటున్నాను. కానీ నాది గీతలు గీసే ఉద్యోగమే తప్ప, అవి ఎక్కడ ఉండాలో చెప్పే ఉద్యోగం కాదు.

దళం శిక్షణ దివ్యంగా సాగింది. క్రీడాకారుల కోసం వచ్చే పాలూ గుడ్లూ దళానికి మళ్ళించారు. అరవడానికి బలం కావాలి కదా. విజిలన్న ఆ పరుగు దారి వైపు వీపు పెట్టి, దళం వైపు తిరిగి నిలబడి, రెండు చేతులూ పైకెత్తేవాడు. నలభై గొంతులు ఒకేసారి లేచేవి.

"పరుగెత్తు తల్లీ పరుగెత్తు. నీ వెనకే ఉంది సమాజం. సమాజం వెనక ప్రభుత్వం. ప్రభుత్వం వెనక మంత్రిగారు. మంత్రిగారి వెనక మేమంతా."

నినాదం స్వయంగా డైరెక్టరుగారు రాసిందే. చెప్పడానికి పదిహేను సెకన్లు పడుతుంది. చిటికె దళం ముందు నుంచి దాటిపోవడానికి మూడు సెకన్లు పడుతుంది. నినాదం సమాజం దగ్గరికి వచ్చేసరికి పిల్ల మలుపులో ఉండేది. ప్రభుత్వం ఖాళీ ట్రాకు మీద పడేది. దీని మీద సమీక్షా సమావేశం జరిగింది. నేను టీ గ్లాసులు అందిస్తూ విన్నాను.

"అమ్మాయిలో సహకారం లోపిస్తోంది" అన్నాడు విజిలన్న. "మనం ఇంకా సగంలో ఉండగానే వెళ్ళిపోతోంది."

డైరెక్టరుగారు చిటికెను పిలిపించారు. "కొంచెం నెమ్మదిగా పరుగెత్తమ్మా. కనీసం మంత్రిగారు వచ్చేదాకా."

డ్రిల్లు మాస్టారు ఉండబట్టలేక, "అది పరుగు పందెం సార్" అన్నారు.

"కాదని ఎవరన్నారు మాస్టారూ? స్టాండు ముందు ఒక్కచోటే నెమ్మదిగా వెళ్ళమంటున్నాం. మిగతా మూడు వైపులా ఆమె ఇష్టం. అక్కడ మేం కలగజేసుకుంటున్నామా?"

ఇంతకన్నా ఉదారంగా ఎవరు మాట్లాడగలరు? చిటికె మాత్రం మర్నాటి నుంచి స్టేడియానికి రాలేదు. లారీల స్టాండు వెనక ఒక రోడ్డుంది. పొద్దున్నే ఆరింటికి అక్కడ డ్రైవర్లు టీ తాగుతూ ఉంటారు, లారీలు కదలవు. నేను టేపు పట్టుకెళ్ళి సరిగ్గా నాలుగు వందల మీటర్లు కొలిచి, రెండు చివరలా రెండు గీతలు గీశాను. ఆఫీసు సున్నమే వాడాను. ఈ సంగతి డైరెక్టరుగారికి ఇంతవరకూ తెలియదు, ఇది చదివాక తెలుస్తుంది. ఆ రోడ్డు మీద, గుంటలు తప్పించుకుంటూ, చిటికె మూడు వారాలు పరుగెత్తింది. ఒకరోజు డ్రిల్లు మాస్టారు స్టాప్‌వాచి చూసి నాకు చూపించారు. యాభై అయిదు సెకన్లు. ముందటేడు బంగారు పతకం వచ్చిన అమ్మాయికి పట్టింది యాభై అయిదున్నర.

పోటీలకు ఇంకా రెండు రోజులుందనగా ప్రయాణం జాబితా నోటీసు బోర్డు మీద పెట్టారు. బస్సులో సీట్లు నలభై నాలుగు. దళం నలభై, డైరెక్టరుగారు, ఫోటోగ్రాఫరు, ఒక సీటు బ్యానరుకి, ఇతరములు ఒకటి. ఆ ఇతరములు నేను. జాబితా కింది నుంచి పైకి, పై నుంచి కిందికి రెండుసార్లు చదివి డ్రిల్లు మాస్టారు లోపలికెళ్ళారు.

"సార్, అమ్మాయి పేరు లేదండీ."

"ఏ అమ్మాయి?"

"పరుగెత్తే అమ్మాయి సార్."

డైరెక్టరుగారు ఓపిగ్గా నవ్వారు. "మాస్టారూ, ఆమె లబ్ధిదారు. లబ్ధిదారుల జాబితా వేరు, అందులో మొదటి పేరు ఆమెదే, కావాలంటే చూసుకోండి. ఇది అమలు బృందం జాబితా. పింఛను పంచడానికి వెళ్ళేటప్పుడు జీపులో ఆఫీసర్లు వెళ్తారా, పింఛను తీసుకునే ముసలమ్మ వెళ్తుందా?"

"ముసలమ్మ ఇంట్లోనే ఉంటుంది సార్."

"మరింకేం. లబ్ధిదారు ఎక్కడుంటే లబ్ధి అక్కడికే వెళ్తుంది. ఆమె కదలాల్సిన పనిలేదు."

పథకాలు నడిపేవాళ్ళకే ఈ తర్కం వెంటనే అందుతుంది. మాస్టారికి అందలేదు. ఆయన చిటికెను తీసుకుని మామూలు బస్సులో మా వెనకే బయల్దేరారు. దారిలో రెండు బస్సులు మారి, పందెం రోజు మధ్యాహ్నం ఒంటిగంటకు రాజధానిలో స్టేడియం గేటు దగ్గర దిగారు. మా దళం అప్పటికే స్టాండులో గడుల్లో కూర్చుంది. ఆ గడులు కూడా నేనే గీశాను, ఈసారి చాక్‌పీసుతో.

పందెం మూడింటికి. ఎనిమిది మందికే అర్హత వచ్చింది కాబట్టి నేరుగా ఫైనలే. చిటికెది నాలుగో లైను. గేటు దగ్గర కాపలా మనిషి ఛాతీ నెంబరు చూపించమన్నాడు, అది లేకుండా లోపలికి పంపడు. అతని తప్పేమీ లేదు. నెంబరూ, గుర్తింపు కార్డూ డైరెక్టరుగారి సంచీలో ఉన్నాయి. టీము తరఫున ఆయనే ముందురోజు సంతకం పెట్టి తీసుకున్నారు.

గేటు ఊచల్లోంచి చిటికె నన్ను పిలిచింది. "బాబాయ్, నెంబరు తెచ్చిపెట్టవా" అంది. అంత మామూలుగా అడిగింది. నేను మెట్లు రెండేసి చొప్పున ఎక్కి డైరెక్టరుగారి దగ్గరికి పరుగెత్తాను.

"సార్, ఆ అమ్మాయి వచ్చింది. నెంబరు ఇస్తే లోపలికి వస్తుందండీ."

"ఇస్తాం" అన్నారాయన. "నాలుగింటికి."

"పందెం మూడింటికి సార్."

"మంత్రిగారు నాలుగింటికి వస్తున్నారు. పథకం కింద లబ్ధిదారుకు అందే మొదటి వస్తువయ్యా అది. మంత్రిగారి చేతుల మీదుగా పంపిణీ జరగాలి. నేను సంచీలోంచి తీసి చేతిలో పెట్టేస్తే పంపిణీ అంటారా దాన్ని? ఫోటో ఏది? బ్యానరు ఏది?"

"ఫోటో తర్వాత తీసుకోవచ్చు కదా సార్."

"తర్వాత తీస్తే అబద్ధం అవుతుంది" అన్నారు డైరెక్టరుగారు. అబద్ధమంటే ఆయనకు గిట్టదు. కాస్త ఆలోచించి, "అంత అవసరమైతే వాళ్ళు పందేన్నే నాలుగింటికి పెట్టుకోవచ్చు కదా" అని కూడా అన్నారు.

సంచీ ఆయన కాళ్ళ దగ్గరే ఉంది. జిప్పు సగం తెరిచే ఉంది. దాన్ని లాక్కుని పారిపోదామని నాకనిపించింది. ఇరవై రెండేళ్ళ సర్వీసు, ఇంకా నాలుగేళ్ళుంది, లాక్కోలేదు. ఈ ముక్క రాయకుండా ఉండొచ్చు, కానీ రాస్తున్నాను.

మూడింటికి ఏడుగురు అమ్మాయిలు వచ్చి లైన్లలో నిలబడ్డారు. నాలుగో లైను ఖాళీ. తుపాకీ పేలింది. విజిలన్న ట్రాకు వైపు వీపు పెట్టి చేతులెత్తాడు. మా దళం లేచి నిలబడి నాలుగో లైనుకు చప్పట్లు మొదలుపెట్టింది. శిక్షణలో చెప్పింది నాలుగో లైనే కదా, అందులో ఎవరైనా ఉన్నారా లేరా అన్నది వాళ్ళ పని కాదు. పరుగెత్తు తల్లీ పరుగెత్తు అని నలభై గొంతులు లేస్తే స్టేడియం దద్దరిల్లింది. లైనులో ఎవరూ లేకపోవడం వల్ల నినాదానికి మొదటిసారి కావలసినంత సమయం దొరికింది. సమాజం వచ్చింది, ప్రభుత్వం వచ్చింది, మంత్రిగారు వచ్చారు, మేమంతా కూడా వచ్చాం. జనమంతా గెలిచే అమ్మాయిని వదిలేసి నాలుగో లైను వైపు చూడసాగారు. ఒక పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు.

మొదట వచ్చిన అమ్మాయికి యాభై అయిదు పాయింట్ మూడు.

నేను గేటు వైపు చూడలేదు. చూసే ధైర్యం లేకపోయింది.

మంత్రిగారు సమయపాలనకు పెట్టింది పేరు. నాలుగంటే నాలుగింటికే వచ్చారు. గేటు తెరిపించి చిటికెను లోపలికి రప్పించారు. బ్యానరు కట్టారు, దళం చప్పట్లు కొట్టింది. ఛాతీ నెంబరును మంత్రిగారు స్వహస్తాలతో, నాలుగు పిన్నులతో సహా ఆమెకు అందించారు. ఫోటో చక్కగా వచ్చింది, మీ పత్రికలోనూ వేశారు.

"పరుగెత్తు తల్లీ" అన్నారు మంత్రిగారు.

"పందెం అయిపోయిందండీ" అంది చిటికె.

"పరుగుకు అయిపోవడం ఏమిటమ్మా? జీవితమే పరుగు" అన్నారాయన. డైరెక్టరుగారు ఆ వాక్యాన్ని వెంటనే రాసుకున్నారు.

సాయంత్రం నిర్వాహకులు మా దళానికి ఉత్తమ ప్రేక్షకుల కప్పు ఇచ్చారు. అంత క్రమశిక్షణ వాళ్ళు ఎన్నడూ చూడలేదట. మంత్రిగారు కప్పు పైకెత్తి, "పరుగెత్తేవాళ్ళను ఎవరైనా ప్రోత్సహిస్తారు. ఎవరూ పరుగెత్తకపోయినా ప్రోత్సహించినవాళ్ళు మావాళ్ళు" అన్నారు. ఇందులో ఒక్క అక్షరం కూడా అతిశయోక్తి కాదని, కళ్ళారా చూసినవాణ్ణి కాబట్టి, నేను సాక్ష్యం చెప్పగలను.

తిరిగొచ్చిన మర్నాడు ఊళ్ళో ఊరేగింపు. స్టేడియంలో నరపురుగు లేదు. నేను నలభై గడులనూ తుడిచేశాను. ఎవరూ చెప్పలేదు, నాకే తుడవబుద్ధయింది. ఒక్క లైను గీశాను, అంగుళం తేడా రాకుండా. డ్రిల్లు మాస్టారు చిటికెను తీసుకొచ్చారు. ఆ పిల్ల మంత్రిగారిచ్చిన నెంబరు పెట్టుకోలేదు, జడ గట్టిగా బిగించుకుంది. మాస్టారు విజిల్ ఊదారు, పరుగెత్తింది. ఊరేగింపు బ్యాండు ఎక్కడో దూరంగా వినిపిస్తోంది తప్ప ఇక్కడ ఆమె అడుగుల చప్పుడే. గీత దాటాక మాస్టారు వాచి చూశారు, నాకు చూపించారు. యాభై నాలుగు పాయింట్ ఎనిమిది. మేమిద్దరం చప్పట్లు కొట్టలేదు. నాకు ఏడుపొచ్చింది, సున్నం కంట్లో పడిందని చెప్పాను. ఆ పిల్ల నమ్మినట్టు తలూపి, బూట్లు విప్పి మాస్టారికి ఇచ్చేసింది.

ఆ తర్వాతి సంగతులు మీకు తెలిసినవే. పథకం విజయవంతమైంది కాబట్టి విస్తరించారు. ఈ ఏడాది ఎనిమిది లైన్లకూ ఎనిమిది దళాలు, మొత్తం మూడు వందల ఇరవై మంది. పరుగెత్తేవాళ్ళ ఎంపిక తర్వాత చూసుకుంటారట. ట్రాక్‌సూట్ల పని మళ్ళీ టైలరుగారికే వచ్చింది. పోయిన వారం ప్యాంటు పొడుగు తగ్గించుకుందామని నేను ఆ షాపుకి వెళ్ళాను. కొలతలివ్వడానికి విజిలన్న వచ్చి ఉన్నాడు. పాలూ గుడ్లూ బాగా ఒంటబట్టాయి, పాత సూటు పట్టడం లేదు. చిటికె మెడలో టేపుతో కొలతలు తీస్తోంది. టైలరుగారు పక్కన మిషను తొక్కుతున్నాడు.

విజిలన్న ఆమెను పరీక్షగా చూశాడు. "నిన్నెక్కడో చూశానమ్మా."

"స్టేడియంలో చూసుంటారన్నా. చేతులు కొంచెం ఎత్తండి."

"ఆ, నువ్వు పరుగెత్తేదానివి కదూ? మానేశావేం?"

"వయసు దాటిపోయిందన్నా."

విజిలన్న నిట్టూర్చాడు. షాపంతా కలయజూసి, టైలరుగారి మీద చూపు నిలిపి, గొంతు తగ్గించాడు. తగ్గించినా ఆయన గొంతు వీధి దాకా వినిపిస్తుంది. "ఇంట్లో సపోర్టు లేకపోతే ఇంతేనమ్మా. ఊరంతా వెన్ను తట్టినా ఇంట్లోవాళ్ళు వెనక్కి లాగితే ఏం చేస్తాం? మంత్రిగారి తర్వాతి స్పీచిలో నీ సంగతి ఉదాహరణగా పెట్టిస్తాను. పేరు చెప్పంలే."

మిషను ఆగింది. టైలరుగారు తల వంచుకుని సూదిలో దారం కోసం తడుముకున్నాడు. దారం ఎక్కే ఉంది.

చిటికె ఎటూ చూడలేదు. విజిలన్న వెనక్కి వెళ్ళి, టేపును ఒక భుజం నుంచి ఇంకో భుజం దాకా పరిచి, అరచేత్తో ఒత్తి పట్టుకుంది.

"వీపు ఇరవై ఒకటిన్నర, రాసుకో నాన్నా" అంది.

ఆయన రాసుకున్నాడు.